వంతెన కింద సున్నా

ఆ వీధిలో ఆమెను అందరూ సైరన్ అంటారు. ఎదురుగా అనరు, అంత ధైర్యం ఎవరికుంది గనక. జిరాక్స్ షాపు నడుపుతుంది. షాపంటే ఎంతని, ఒక జిరాక్స్ మెషిన్, ఒక కంప్యూటర్, ఇంకు అయిపోయిందని ఎప్పుడూ ఎర్రదీపం చూపించే ప్రింటర్, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక బల్ల. నీళ్లు రాకపోయినా, చెత్తబండి రాకపోయినా, వీధిదీపం వెలగకపోయినా వీధి వీధంతా ఆమె గొంతు కోసం ఎదురుచూస్తుంది. ఆమె ఫోన్ తీసుకుని అరిస్తే పని జరుగుతుంది. జరిగాక, "అబ్బబ్బ, ఏం నోరమ్మా అది" అని ఆ జనమే చెవులు మూసుకుంటారు. ఇలాంటివాళ్ల కోసం గొంతు చించుకోవడం శుద్ధ దండగని ఆమెకూ తెలుసు. అయినా మానదు.

భర్తకు వీధి పెట్టిన పేరు నిదానం. సిటీ బస్సులో కండక్టరు. ఇల్లు అంటుకుందని చెప్పినా చెప్పులు వెతుక్కుని గానీ బయటికి రాడని అతని మీద జోకు. ఈ సంబంధం కుదిర్చింది సైరన్ వాళ్ల అక్క. "నీ నోటికి ఇలాంటి చెవులే కావాలి" అందట అప్పట్లో. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆ అక్కే. తను పెళ్లి చేసుకోకుండా, కుట్టుమిషన్ తొక్కి చెల్లెల్ని చదివించింది. ఇప్పుడు కిడ్నీలు పాడై వీళ్ల ముందుగదిలో ఉంటోంది. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రిలో డయాలసిస్. పొద్దున్నే మొదటి బస్సెక్కి వెళ్తుంది, మధ్యాహ్నం బస్సులో తిరిగొస్తుంది. దిగి నాలుగడుగులు వేసి చెల్లెలి షాపు బల్ల మీద కూలబడుతుంది. కాళ్లలో కాస్త సత్తువ వచ్చాక లేచి ఇంటికి పోతుంది. ఒక్కసారి మానేసినా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరు ముందే చెప్పాడు.

అక్క ఎక్కి దిగే ఆ స్టాపు పేరు వంతెన కింద. రైలు పట్టాల మీద కట్టిన వంతెన దిగగానే ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఒకరోజు పొద్దున సైరన్ షట్టర్ ఎత్తి చూసేసరికి స్టాపు స్తంభానికి ఒక కాగితం అంటించి ఉంది. వంతెన కింద స్టాపులో ప్రయాణికులు లేనందున వచ్చే నెల నుంచి దాన్ని ఎత్తేస్తున్నారట. ప్రయాణికులు దగ్గర్లోని గోదాముల స్టాపును ఉపయోగించుకోవాలట. ఆ కాగితం కిందే జనం బారులు తీరి నిలబడి ఉన్నారు. ఆఫీసులకు పోయేవాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, చేతిలో రిపోర్టుల కవర్లు పట్టుకున్న ముసలివాళ్లు. ఒక్కడు కూడా తలెత్తి చదవలేదు.

చదివాక సైరన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. గోదాముల స్టాపు వంతెనకు అవతల ఉంది. అక్కడికి పోవాలంటే మెట్లెక్కి, పట్టాలు దాటి, మళ్లీ మెట్లు దిగాలి. పోనీ అక్కడేమైనా ఉందా అంటే అదీ లేదు. గోదాములు మూతపడి ఏళ్లయింది. తాళం తుప్పుపట్టిన గేటు ఒకటి, దాని ముందు పడుకునే కుక్కలు కొన్ని. ఎవరూ లేనిచోట బస్సు ఆగుతుందట, మనుషులున్నచోట ఆగదట. ఈ తెలివి పుట్టించిన బుర్రను ఒకసారి చూడాలనిపించింది ఆమెకు.

ఇంటికొచ్చి అక్కకు చెప్పింది. అక్క కిటికీలోంచి వంతెన మెట్ల వైపు చూసింది.

"పోనీలేవే. ఆ మెట్లు నేనెక్కలేను. అంత పొద్దున ఆటోలూ దొరకవు. వారానికి మూడుసార్లు కాకపోతే రెండుసార్లు వెళ్తా, ఎవరో ఒకరు దింపకపోతారా" అంది.

"రెండుసార్లేంటి? డాక్టరు చెప్పింది వినలేదా నువ్వు?"

"విన్నా. ఎన్నాళ్లని లాగుతామే దీన్ని."

సైరన్ దిగ్గున లేచింది. చేతిలో ఉన్న గ్లాసును అవసరమైనదానికంటే గట్టిగా కింద పెట్టి, చెప్పులేసుకుని, తిన్నగా డిపోకు పోయింది.

ప్లానింగ్ ఆఫీసరు కుర్రవాడే. మర్యాద తెలిసినవాడు. లేచి కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు. ఆ మర్యాద చూస్తే ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. తిట్టడానికి వచ్చిన మనిషికి ఇలా మంచినీళ్లు ఇస్తే ఎలా తిడుతుంది?

"ఆవేశపడకండి మేడం. ఇది మా ఇష్టం కాదు, డేటా చెప్పింది." కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. "కండక్టర్ల చేతిలో మెషిన్ ఉంటుంది కదా, ఏ టికెట్ ఏ స్టేజీలో, అంటే ఏ స్టాపు దగ్గర తెగిందో అది రాసుకుంటుంది. వంతెన కింద సున్నా. గోదాముల్లో చూడండి, ఎంతమందో."

"వారానికి మూడుసార్లు మా అక్క ఎక్కుతుందయ్యా అక్కడ. ఆవిడ కనిపించలేదా నీ మెషిన్‌కి?"

"ఒక్కరి కోసం స్టాపు ఉంచలేం కదా మేడం..."

"ఒక్కరని నువ్వనలేదు, సున్నా అన్నావు. ఒక్క మనిషున్నా సున్నా ఎలా అవుతుంది?"

అతను తెరను మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. లెక్కలన్నీ పబ్లిక్‌కు అందుబాటులోనే ఉన్నాయని, వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చని, నెలాఖరున అభ్యంతరాల మీద విచారణ ఉంటుందని, ఆధారాలతో రావచ్చని చెప్పాడు. ఎవరూ రారన్న ధీమా ఆ గొంతులో వినిపించింది. నీ ధీమా పాడుగాను అనుకుంటూ ఆమె లేచింది.

ఆ వెబ్‌సైట్‌లు పెట్టినవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి, వాళ్ల వెబ్‌సైట్‌లోంచే ఏదైనా ఒక్క కాగితం వెతికి తీసేదాకా బయటికి వదలకూడదు. ముందు పేజీ నిండా దండలేసుకున్న పెద్దమనుషుల ఫొటోలు. కింద పాకుతూ పోయే అక్షరాలు, చదివేలోపు మాయమవుతాయి. సమాచారం అని రాసినచోట నొక్కితే మళ్లీ ముందు పేజీయే వస్తుంది. నివేదికలు అన్నచోట నొక్కితే పేజీ లేదంటుంది. తెరుచుకున్న ఒక్క ఫైలూ పక్కకు తిరిగి ఉంటుంది, మెడ వంచి చదవాలి. రోజూ జనానికి దరఖాస్తులు నింపిపెట్టే మనిషికే ఈ గతి పడితే మిగతావాళ్ల సంగతి చెప్పాలా? కస్టమర్లు నిలబడి ఉండగానే ఆమె కంప్యూటర్‌ను పట్టుకుని తిట్టసాగింది.

ఆ తిట్లు విని గణాంకాల బాబాయి నవ్వాడు. గణాంక శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పత్రికలకు ఉత్తరాలు రాసి, వాటిని జిరాక్స్ తీయించుకోవడానికి రోజూ వస్తాడు. ఒక్క ఉత్తరమూ అచ్చుకాలేదు, అది వేరే సంగతి.

"ముందు గుమ్మంలోంచి పోతే ఏం దొరుకుతుందమ్మా అక్కడ? అది ఫొటోల కోసం పెట్టుకున్న గుమ్మం" అన్నాడు. "టెండర్లు చూడు. టికెట్ మెషిన్లు కొత్తవి కొన్నారు కదా ఈమధ్య. అమ్మేవాళ్లకి ఏ స్టేజీలో ఎన్ని టికెట్లు తెగుతాయో చెప్పాలి. అది చివర్న అనుబంధంలో పెడతారు. టెండర్ అయిపోయినా ఆ ఫైలు తియ్యరు, తీసే ఓపిక ఎవరికుంది?"

"నీకివన్నీ ఎలా తెలుసు బాబాయ్?"

"ఆ అనుబంధాలు రాసి రాసే కదమ్మా నా కళ్లు పోయాయి. ఒక్కడన్నా చదువుతాడేమోనని చూశా ఇన్నేళ్లూ."

ముగిసిన టెండర్ల అడుగున దొరికింది ఆ ఫైలు. నియమాలు, షరతులు, సంతకాలు చేయాల్సిన చోట్లు అన్నీ దాటుకుంటూ పోతే చివర్న పట్టిక ఉంది. వంతెన కింద గడిలో సున్నా. మరుసటి నెలా సున్నా. ఆ పై నెలా అంతే. పక్కనే గోదాముల గడిలో అంకెలు కిక్కిరిసి ఉన్నాయి. సైరన్ పళ్లు నూరింది.

"చూశావా బాబాయ్, గోదాముల దగ్గర కుక్కలు టికెట్లు కొంటున్నట్టున్నాయి."

"పట్టిక తప్పు కాదమ్మా ఇది" అన్నాడాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. "ఎక్కడి అంకెలు అక్కడ లేవు, అంతే. ఎందుకు లేవో కనుక్కో."

అప్పుడే బస్సు ఆగింది. అక్క దిగి వచ్చి బల్ల మీద కూలబడింది. మొహం పాలిపోయి ఉంది, మోచేతి దగ్గర కట్టు తడిసింది. మంచినీళ్లు తాగి, కళ్లద్దాల డబ్బా తెరిచింది. అందులో ఆ రోజు పొద్దుటి టికెట్ మడిచి పెట్టి ఉంది. అదేం దాచుకున్నది కాదు, పారేయడానికి చెత్తడబ్బా కనపడక పెట్టుకున్నది. చెల్లెలు దాన్ని లాక్కుని విప్పి చూసింది. గోదాములు నుంచి పెద్దాసుపత్రి అని ఉంది.

"అక్కా, నువ్వు గోదాముల దగ్గర ఎప్పుడెక్కావే?"

"నేనెందుకెక్కుతానే అక్కడ, కుక్కలకి భయపడి చస్తా. మీ ఆయనే కదా కొట్టిచ్చాడు టికెట్టు, వెళ్లి ఆయన్నే అడుగు."

మొదటి బస్సులో కండక్టరు నిదానమే. ఇన్నాళ్లూ ఆ సంగతి ఆమె కళ్లెదురుగానే ఉంది. సైరన్ కంప్యూటర్ కట్టేసి, బాబాయికి చిల్లర ఇవ్వడం కూడా మరిచిపోయి, ఇంటికి నడిచింది.

అతను డ్యూటీ దిగి వచ్చి, సంచి మేకుకు తగిలిస్తున్నాడు. ఆమె టికెట్‌ను అతని మొహం ముందు పెట్టింది.

"ఇదేంటి?"

"టికెట్టు."

"గోదాములని ఎందుకుంది?"

అతను సంచి తగిలించి, చొక్కా గుండీలు విప్పి, మొహం కడుక్కుని వచ్చి అప్పుడు చెప్పాడు. గోదాములకీ వంతెన కిందకీ మధ్య దూరం ఏమీ లేదు. వంతెన దిగగానే జనం ఒక్కసారిగా ఎగబడతారు. అప్పుడు మెషిన్‌లో స్టేజీ మార్చబోతే అది కాసేపు బిగుసుకుపోతుంది, నొక్కినా కదలదు. ఈలోపు సగంమంది టికెట్ తీసుకోకుండానే లోపలికి సర్దుకుంటారు. అందుకని గోదాముల స్టేజీ మీదే ఉంచి చకచకా కొట్టేస్తారు. మార్చేది తర్వాతి స్టాపులో.

"ఎక్కడెక్కినట్టు పడితే ఏముందే, డబ్బులు అవే కదా" అన్నాడు. "ప్రయాణికుడికి పైసా పోదు, సంస్థకి పైసా పోదు. అందరం అలాగే చేస్తాం."

"అందరూ అంటే?"

"ఈ రూట్‌లో అందరూ. కొత్తగా వచ్చినవాళ్లకి ఈ ఉపాయం నేర్పించింది నేనే." అది చెప్పినప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. ఆ గర్వం మాట సగంలోనే జారిపోయింది. భార్య మొహం చూశాడు, చేతిలో టికెట్ చూశాడు, ముందుగదిలో పడుకున్న వదిన వైపు చూశాడు.

"ఇన్నేళ్లుగా నా అక్కని నీ చేత్తో సున్నా చేశావు" అంది సైరన్. అరవలేదు. అరిచుంటే బాగుండేది, అలవాటే గనక అతను తట్టుకునేవాడు. "ఆ ఆఫీసరు ఎవడో కుర్రాడు, ఎప్పుడూ బస్సెక్కి ఎరగడు, వాడికి తెలియదంటే సరే. నీకేమైంది? రోజూ చెయ్యి పట్టుకుని ఎక్కిస్తావు కదా ఆమెని, అప్పుడన్నా తట్టలేదా?"

"లెక్కలు ఎవరైనా చూస్తారనుకోలేదే."

"చూసింది వాళ్లు కాదు, నేను. వాళ్లు సరిగ్గా చూడను కూడా చూడకుండా స్టాపు పీకేస్తున్నారు."

నిదానం మంచం అంచున కూర్చున్నాడు. విచారణలో తన పేరు తియ్యొద్దన్నాడు. డిపోలో అందరికంటే సీనియర్ తను. ఈ సంగతి బయటపడితే తను నేర్పిన వాళ్లందరికీ మెమోలు వస్తాయి. రేపు ఏ మొహం పెట్టుకుని డ్యూటీకి పోవాలి? ఆమె తీయనని చెప్పలేదు, తీస్తానని చెప్పలేదు.

మర్నాడు గణాంకాల బాబాయి ఇంకో దారి చెప్పాడు. బస్సులవాళ్ల లెక్కను బస్సులవాళ్ల లెక్కతోనే కొట్టడం కుదరదు, వేరే శాఖవాళ్లు అదే చోట లెక్కపెట్టి ఉండాలి. వంతెన వెడల్పు చేయాలా వద్దా అని చూడ్డానికి రోడ్ల శాఖ కిందటేడు మనుషుల్ని నిలబెట్టి బళ్లను, బస్సులెక్కే జనాన్ని లెక్కపెట్టించిందట. అది విన్నాక సైరన్‌కు గుర్తొచ్చింది. ఒక అమ్మాయి, నారింజరంగు కోటు వేసుకుని, చేతిలో టిక్కుటిక్కుమనే మీటర్ పట్టుకుని పొద్దుట్నించి సాయంత్రం దాకా తన షాపు చూరు కిందే నిలబడింది. కస్టమర్లకు అడ్డమని తను ఆమెను తరిమినంత పని చేసింది. "ఎండగా ఉందమ్మా" అంటే "అయితే ఇంటికి పో" అంది. పాపం ఆ పిల్ల రెండడుగులు జరిగి, ఎండలో నిలబడే లెక్కపెట్టుకుంది.

రోడ్ల శాఖ నివేదిక వాళ్ల వెబ్‌సైట్‌లో భూసేకరణ కాగితాల మధ్య ఇరుక్కుని ఉంది. గోదాముల దగ్గర రోజంతా ఎక్కినవాళ్లు ఎవరూ లేరు. వంతెన కింద ఎక్కినవాళ్లు వందల్లో ఉన్నారు. సైరన్ దాన్ని ప్రింట్ తీసింది. ప్రింటర్ ఎర్రదీపం చూపిస్తే ఒక్క చరుపు చరిచింది, అది భయపడి పనిచేసింది.

విచారణ డిపోలోని పొడుగాటి హాల్లో జరిగింది. బల్ల వెనక ప్లానింగ్ ఆఫీసరు, అతని పై ఆఫీసరు. గోడ వెంబడి డ్యూటీ దిగిన కండక్టర్లు కొందరు నిలబడ్డారు, వాళ్లలో నిదానం కూడా ఉన్నాడు. వీధి నుంచి ఎవరూ రాలేదు. అందరికీ ఆ రోజే పనులు పడ్డాయి మరి. సైరన్ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టింది. పై ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకుని రెండూ చదివాడు.

"రెండూ ప్రభుత్వం లెక్కలే" అన్నాడు. "ఒకదానికొకటి పొసగడం లేదు. మా మెషిన్‌లో సున్నా ఎందుకొచ్చిందో తెలియకుండా రోడ్లవాళ్ల లెక్క నమ్మి ఆర్డర్ మార్చలేను కదమ్మా. ఆ రోజు ఏ జాతరో, మీటింగో ఉందేమో ఎవరికి తెలుసు?"

అన్యాయంగా అడగలేదు ఆయన. అదే ఆమెకు మింగుడుపడలేదు. తిట్టి బయటపడే ప్రశ్న కాదది. జవాబు ఆమెకు తెలుసు. జవాబు గోడకు ఆనుకుని, యూనిఫాం చొక్కాలో, తల వంచుకుని నిలబడి ఉంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి తనను ఒక్క మాట అనలేదు. ఇంట్లో అక్క సంచి సర్దుకుంటూ, వచ్చేవారం నుంచి రెండుసార్లే కదా అని మందులు విడదీసి పెడుతూ ఉంటుంది.

ఆమె ఏదో అంది. ఎవరికీ వినపడలేదు.

"గట్టిగా చెప్పండమ్మా" అన్నాడు పై ఆఫీసరు.

గోడ దగ్గర కండక్టర్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. సైరన్‌ను గట్టిగా మాట్లాడమన్న మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు.

"మా ఆయనే" అంది ఆమె. ఈసారి హాలంతా వినపడింది. "వంతెన కింద స్టేజీ మార్చరు. గోదాముల మీదే కొట్టేస్తారు, తొందరని. ఈయనే అందరికీ నేర్పాడు. వారానికి మూడుసార్లు మా అక్కకి కొట్టింది కూడా ఈయనే. నిలబడ్డాడు కదా అక్కడ, అడగండి."

అడిగారు. నిదానం అవునన్నాడు.

స్టాపు తీసేసే ఆర్డర్ ఆపారు. శాశ్వతంగా అనుకునేరు, ఇంకో ఆరునెలల లెక్క వచ్చేదాకా తాత్కాలికంగానట. స్తంభం మీద కొత్త కాగితం అంటించారు, దాన్నీ ఎవరూ చదవలేదు. నిదానానికి మెమో వచ్చింది, అతని శిష్యులకూ వచ్చాయి. డిపోలో అతనితో టీ తాగేవాళ్లు కరువయ్యారు. ఇంట్లో అతను భార్యతో మాట్లాడటం మానేశాడు. ఏం కావాలన్నా ముందుగదిలోకి పోయి, "మీ చెల్లెలికి చెప్పండి వదినా, చొక్కా ఇస్త్రీ కాలేదని" అంటాడు. పక్కనే ఉన్న సైరన్, "వినపడిందని చెప్పు మీ మరిదికి" అంటుంది. ఇద్దరి మధ్యా అక్క నలిగిపోతోంది. ఆసుపత్రికి మాత్రం మూడుసార్లూ పోతోంది.

ఒక పొద్దున సైరన్ షట్టర్ ఎత్తుతుంటే మొదటి బస్సు వచ్చి ఆగింది. జనం ఎగబడ్డారు. నిదానం మెట్టు మీద అడ్డంగా నిలబడి స్టేజీ మార్చే మీట నొక్కాడు. మెషిన్ బిగుసుకుపోయింది. మళ్లీ నొక్కాడు. వెనక నుంచి గోల మొదలైంది.

"ఏంటయ్యా ఈ నస, ఆఫీసుకి టైమైపోతోంది."

"పాత స్టేజీ మీద కొట్టేయరాదూ! ఎక్కడెక్కినట్టు పడితే ఏముంది, డబ్బులు అవే కదా."

అంటున్నది ఎవరో కాదు, సైరన్ వీధివాళ్లే. ఏ స్టాపు కోసం ఆమె కట్టుకున్నవాణ్ణి నలుగురిలో నిలబెట్టిందో, ఆ స్టాపు జనమే. ఆమె ఒళ్లంతా భగ్గుమంది. షట్టర్ సగంలో వదిలేసి, వాళ్లందరినీ ఒక్కసారిగా కడిగిపారేద్దామని ఊపిరి తీసుకుని రోడ్డు మీదికి వచ్చింది.

వరసలో ముందు అక్క నిలబడి ఉంది, కడ్డీ పట్టుకుని. వెనకున్నవాడు ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి, "ఈ ముసలామె ఒక్కదానికి ఇంతసేపా, ముందు మాకివ్వు" అన్నాడు.

"ఆవిడ ఇక్కడ ఎక్కింది" అన్నాడు నిదానం. ఆ మనిషి అంత గట్టిగా మాట్లాడగా ఆ వీధిలో ఎవరూ వినలేదు. "ఇక్కడెక్కినట్టే పడాలి. అందాకా బస్సు కదలదు. తొందరున్నవాళ్లు నడిచిపోవచ్చు."

ఎవరూ నడిచిపోలేదు. కాసేపటికి మెషిన్ కదిలి టికెట్ బయటికి వచ్చింది. నిదానం దాన్ని చించి, బస్సు దీపం కింద పట్టి ఒకసారి చదువుకుని, వదిన చేతిలో పెట్టాడు. రోడ్డు మీద నిలబడ్డ భార్య వైపు అతను చూడలేదు. ఆమె తీసుకున్న ఊపిరి అలాగే వదిలేసి, వెనక్కి వెళ్లి షట్టర్ పూర్తిగా ఎత్తింది.